ముప్ఫై సెకన్ల నీలం

పోయిన నెల మా ఇంట్లో గీజర్ కారడం మొదలుపెట్టింది. ప్లంబర్ వచ్చి దాన్ని గోడ మీంచి దింపి, విప్పి, లోపలి ట్యాంకు తీసి బాల్కనీలో ఎండలో పెట్టాడు. ఇనుము నిండా గుంటలు. అమ్మవారు పోసి తగ్గిన మొహంలా ఉంది.

"ఇధర్ కా పానీ హీ ఖరాబ్ హై సాబ్" అన్నాడు. ఇక్కడి నీళ్ళే మంచివి కావట.

"నీళ్ళు కాదు, నీళ్ళలో గాలి" అన్నాను, ఆలోచించకుండా, అదీ తెలుగులో. ప్లంబర్ నా వైపు వింతగా చూసి మళ్ళీ పనిలో పడ్డాడు.

ఆ మాట నాది కాదు. మాస్టారిది.

మాస్టారని పిలిచినా ఆయన ఏ బళ్ళోనూ పని చెయ్యలేదు. ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో అట్టపెట్టెల కాగితం చేసే ఒక మిల్లులో బాయిలర్ కెమిస్టు. బాయిలర్‌లోకి వెళ్ళే నీళ్ళు ఎలా ఉన్నాయో పూటపూటా పరీక్షించి రిజిస్టరులో రాయడం ఆయన ఉద్యోగం. పిఠాపురం దగ్గరి మనిషి. వైశాలిలో మా సొసైటీలోనే, మాకు రెండు అంతస్తుల కింద ఉండేవారు. ఏం చెప్పినా పాఠం చెప్పినట్టు చెప్తారని ఆ పేరు నేనే పెట్టాను. మిగతా తెలుగు కుటుంబాలు మూడూ అలాగే పిలవడం మొదలుపెట్టాయి. హిందీ వాళ్ళకి మాత్రం ఆయన 'పానీవాలే అంకుల్'.

మిల్లు గేటు ఎదురుగా ఒక టీ బండి ఉండేది. మాస్టారు గ్లాసులో కాస్త టీ పోయించుకుని, గుండ్రంగా తిప్పి, నేల మీద పారబోసేవారు. మళ్ళీ కాస్త. మళ్ళీ. మూడోసారి తర్వాతే తాగడానికి పోయించుకునేవారు.

"అంకుల్‌జీ, ఆధీ చాయ్ ఆప్ పీతే హో, ఆధీ ధర్తీ మాతా" అనేవాడు బండివాడు. సగం మీరు తాగుతారు, సగం భూదేవి తాగుతుంది అని.

మాస్టారికి నవ్వొచ్చేది కాదు. ఏ సీసాలోకి నీళ్ళు పట్టినా ముందు అవే నీళ్ళతో మూడుసార్లు తొలవాలి, లేకపోతే ఇంతకు ముందున్న నీళ్ళ సంగతి ఇప్పటి నీళ్ళకి అంటుకుంటుంది. అది ఆయన పనిలో మొదటి పాఠం. చేతికి అలవాటైపోయింది. టీ అయినా, మజ్జిగ అయినా, గుళ్ళో తీర్థం అయినా అంతే.

రెండో పాఠం, సీసాలో గాలి మిగలకూడదు. నీళ్ళు పొంగి పొర్లుతూ ఉండగానే మూత బిగించాలి. ఆ తర్వాత తలకిందులు చేసి వెలుతురుకేసి పట్టి, బుడగ ఏదైనా పైకి పాకుతుందేమో చూడాలి. వాళ్ళింట్లో ఫ్రిజ్‌లో మంచినీళ్ళ సీసాలు కూడా అలాగే ఉండేవి. మూత తియ్యగానే మన మీద ఒలికేవి.

"పాతికేళ్ళ నించీ ఈ ఇంట్లో చీర తడవకుండా మంచినీళ్ళు తాగింది లేదు తమ్ముడూ" అనేది ఆయన భార్య. ఆవిణ్ణి నేను అక్కయ్యగారూ అనేవాణ్ణి.

మాస్టారితో కబుర్లు చెప్పడం కష్టం. ఓసారి మెట్ల మీద కలిస్తే, మూడో అంతస్తు ఆయన్ని ఆఫీసులో సస్పెండ్ చేశారటండీ అన్నాను.

"చూసేరా, ఎవరైనా చెప్పేరా?"

"చెప్పారు."

"అయితే ఆ గడి ఖాళీగా వదిలెయ్యండి."

ఆయన రిజిస్టరు సంగతీ అంతే. మిగతా షిఫ్టులవాళ్ళు పరీక్ష చెయ్యని పూట పై గడిలో అంకె కింద రెండు చిన్న గీతలు గీసేసేవారు, 'పైదే' అని. రిజిస్టరు నిండుగా కనబడితే పైవాళ్ళకి హాయి. మాస్టారు జ్వరం వచ్చి రాకపోతే ఆ రోజు గడి తెల్లగా ఉండిపోయేది. తర్వాతి రోజు వచ్చి కూడా నింపేవారు కాదు. "నేను చూడని నీళ్ళకి నేనెలా రాస్తానండీ?" అనేవారు. నేను పత్రికలో పనిచేసేవాణ్ణి. తెలుగు దినపత్రికకి ఢిల్లీ బ్యూరో. ఆయన మాట నాకు ముచ్చటగా ఉండేది. మా డెస్కులో అందరికీ చెప్పేవాణ్ణి కూడా, ఇలాంటి కెమిస్టు ఒకాయన ఉన్నాడని. ముచ్చట పడటానికి ఖర్చేం లేదు.

ఆ గాలి గొడవేమిటో ఆయన చెప్తేనే నాకు తెలిసింది. నీళ్ళలో మన కంటికి కనబడకుండా గాలి కరిగి ఉంటుంది. చేప దాంతోనే బతుకుతుంది. అవే నీళ్ళు కాగి ఇనుప గొట్టాల్లోకి వెళ్తే, అదే గాలి ఇనుమును లోపల్నించి కొరికేస్తుంది. పైకి గొట్టం నున్నగానే ఉంటుంది. లోపల సూదిమొన అంత గుంటతో మొదలవుతుంది. అందుకని బాయిలర్‌కి ముందు ఒక పెద్ద ట్యాంకు పెడతారు. దానిలో నీళ్ళను ఆవిరితో మరిగించి, కరిగిన గాలిని పైన సన్నటి గొట్టంలోంచి బయటికి తోలేస్తారు. గాలితో పాటు కాస్త ఆవిరీ పోతుంది. దూరం నించి చూస్తే ఆ ట్యాంకు నెత్తిమీద చిన్న తెల్లటి తోక ఆడుతున్నట్టుంటుంది.

మాస్టారు పొద్దున్నే ఆటో దిగుతూనే ముందు తలెత్తి ఆ తోక చూసేవారు. తోక ఉంటే చేతిసంచీ భుజం మార్చుకుని లోపలికి నడిచేవారు. పెళ్ళికీ పేరంటానికీ వెళ్ళినప్పుడు కూడా, ఎక్కడ పొగగొట్టం కనబడినా ఆయన తల పైకి లేచేది.

ఆ తోకే పోయింది. మిల్లుకి కొత్త ప్లాంట్ హెడ్ వచ్చాడు. కొత్తంటే మరీ కొత్తేం కాదు, ఏళ్ళ కింద ఇదే మిల్లులో ట్రైనీగా చేరి, మాస్టారి దగ్గరే సీసా పట్టడం నేర్చుకుని, వేరే కంపెనీలకి వెళ్ళి పెద్దవాడై తిరిగొచ్చాడు. వచ్చిన నెలలోనే, వృథాగా పోతున్న ఆవిరి ఎక్కడున్నా ఆపాలని తిరిగాడు. ట్యాంకు మీది తోక కనబడింది. ఆ గొట్టం వాల్వు తిప్పి మూయించేశాడు. ఆవిరి మిగిలింది, బొగ్గు మిగిలింది. హెడ్డాఫీసు వాళ్ళు ఒక షీల్డు ఇచ్చారు. పొదుపు చేసినందుకు.

నీళ్ళలో గాలి పెరగడం మొదలైంది.

దాన్ని కొలిచే పద్ధతి ఒకటుంది. వేలెడంత గాజు గొట్టం, లోపల మందు, ముక్కు మూసి ఉంటుంది. పారుతున్న నీళ్ళలో ముంచి ఆ ముక్కు విరిస్తే నీళ్ళు లోపలికి దూసుకుపోతాయి. గాలి ఉంటే మందు నీలంగా మారుతుంది. ఎంత గాలి ఉంటే అంత ముదురు. పక్కన రంగుల వరుస పెట్టుకుని పోల్చాలి. కానీ ముప్ఫై సెకన్లలో చూసెయ్యాలి. ఆలస్యమైతే విరిగిన ముక్కులోంచి బయటి గాలి దూరి, మంచి నీళ్ళయినా సరే నీలమైపోతుంది. "ముప్ఫై సెకన్లే అండి అది నిజం చెప్పేది. తర్వాత అడక్కూడదు" అనేవారు. ట్రైనీలందరికీ ఇదే చెప్పేవారు. ప్లాంట్ హెడ్‌కి కూడా ఇదే చెప్పారు ఒకప్పుడు.

మాస్టారు హద్దు దాటిన అంకెల్ని ఎర్రసిరాతో వేశారు. కాగితం రాసి పంపారు. బాయిలర్ షెడ్డు పై అంతస్తులో కుళాయి దగ్గరికొచ్చి ఒకసారి చూడమన్నారు. ప్లాంట్ హెడ్ మెట్లెక్కి రాలేదు. మూడు వారాలు అడిగి అడిగి, ఓ రోజు ఉక్రోషం పట్టలేక మాస్టారు ఆ గాజు గొట్టాన్ని, నీలంగా ఉన్నదాన్ని, జేబురుమాల్లో పట్టుకుని మెట్లు దిగి, యార్డు దాటి, ఆఫీసు గదికి తీసుకెళ్ళారు. జన్మలో చెయ్యని పని. లోపల మీటింగు జరుగుతోంది. కూర్చోమన్నారు. పిలిచేసరికి గొట్టం సిరాబుడ్డిలా ఉంది.

సాయంత్రం మెట్ల మీద నాకు ఆయనే చెప్పారు. ప్లాంట్ హెడ్ గొట్టాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, నవ్వి, "సర్, థర్టీ సెకండ్స్. ఆప్ హీ నే సిఖాయా థా" అన్నాడట. మీరే కదా నేర్పింది అని. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారట.

మర్నాడు మెమో వచ్చింది. కెమిస్టు నమూనా సరిగ్గా పట్టడం లేదు, బయటి గాలి కలుస్తోంది, అందువల్లే రీడింగులు తప్పుగా వస్తున్నాయి అని. ఇంతకు ముందు వేసిన ఎర్ర అంకెలన్నిటికీ అదే కారణం రాశారు.

"నా సీసాలో గాలి ఉందన్నారండీ" అన్నారు మాస్టారు. ఎవరైనా ఆయన్ని దొంగ అన్నా అంత బాధ పడేవారు కాదనుకుంటాను.

ఆ ఆదివారం నన్ను మిల్లుకి తీసుకెళ్ళారు. గేటు దగ్గర గార్డుకి "మేరా ఛోటా భాయ్ హై" అని, నేను తమ్ముణ్ణని చెప్పారు. బాయిలర్ దగ్గర డ్యూటీలో రామ్‌సజీవన్ అనే ఆపరేటర్ ఉన్నాడు. తూర్పు యూపీలో బలియా వైపు మనిషి, నలభై ఏళ్ళుంటాయి, మెడ చుట్టూ ఎర్ర గళ్ళ తువ్వాలు. "బాబూజీ తన సీసాని పెళ్ళికూతురిలా చూసుకుంటారు, అయినా అందులో గాలి ఉందంటారు" అని హిందీలో అంటూ తుండు దులిపి నాకు స్టూలు వేశాడు.

మాస్టారు కుళాయి తిప్పి, నీళ్ళను చాలాసేపు పారనిచ్చారు. గ్లాసును మూడుసార్లు తొలిచారు. నీళ్ళు పొర్లుతుండగా గాజు గొట్టం ముంచి ముక్కు విరిచారు. "చూడండి. లెక్కపెట్టండి" అన్నారు. నేను వాచీ చూస్తూ లెక్కపెట్టాను. పదికి ముందే రంగు తిరిగింది. ఇరవైకి నీలం స్థిరపడింది. రంగుల వరుసలో చివరి గడి కన్నా ముదురు.

ఆయన జేబులోంచి ఒక నోటుబుక్కు తీశారు. మిల్లుది కాదు, సొంతది. గీతలు గీసి గడులు చేసుకున్నారు: సమయం, రంగు, చూసినవారు. మూడో గడిలో ఇన్నాళ్ళూ తన పొడి అక్షరాలే ఉన్నాయి. ఆ రోజు నా పేరు పూర్తిగా రాశారు.

"మీరు చూడటం అలవాటున్న మనిషి. రెండు లైన్లు రాయండి" అన్నారు.

"మాస్టారూ, ఏమీ జరగలేదు కదా. జరగనిది వార్త కాదు. ఏదైనా జరిగితే..."

"జరిగేక రాయడానికి మీరెందుకండీ? ఎవరైనా రాస్తారు."

నవ్వాననుకుంటాను. కిందికి దిగి టీ తాగాం. భూదేవికి మూడుసార్లు పోసి.

తర్వాత ఆయన్ని మురుగునీటి విభాగానికి మార్చారు. బాయిలర్ నీళ్ళకి వేరే కుర్రాణ్ణి పెట్టారు. రిజిస్టరు గడులు రెండేసి గీతలతో నిండుగా, శుభ్రంగా సాగాయి. మాస్టారు మాత్రం మధ్యాన్నం అన్నం తిని బాయిలర్ షెడ్డు దాకా నడిచి, తలెత్తి, తోక లేని ట్యాంకును చూసి వెనక్కి వచ్చేవారట. రామ్‌సజీవన్‌తో, బాయిలర్‌లోకి నీళ్ళు వెళ్ళే ఆ మలుపు గొట్టం దగ్గర ఎక్కువసేపు నిలబడొద్దు అనేవారట. అతని కుర్చీ ఉండేదే అక్కడ.

ఏడెనిమిది నెలలకి ఆ మలుపు దగ్గరే గొట్టం చీలింది. సలసల మరిగే నీళ్ళు, ఆవిరి. రామ్‌సజీవన్ మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. ఇంకో ఇద్దరికి ఒళ్ళు కాలింది.

ఆ మొదటి రోజు మధ్యాన్నం హైదరాబాదు డెస్కు నించి నాకు ఫోను. ఏజెన్సీ కాపీ వచ్చింది, సాహిబాబాద్ మీ పక్కనే కదా, కనుక్కుని నాలుగు లైన్లు పంపండి, లోపలి పేజీలో చోటుంది అని. మాస్టారికి ఫోను చేశాను. స్విచ్చాఫ్. ఒక్కసారే చేశాను. మిల్లుకి చేస్తే ప్లాంట్ హెడ్ మాట్లాడాడు. మర్యాదస్తుడు. నీటి పరీక్షల్లో నిర్లక్ష్యం జరిగినట్టు కనబడుతోంది, ఇంతకు ముందే ఒక కెమిస్టుకి మెమో ఇచ్చాం అన్నాడు. నేను రాసుకున్నాను.

నాలుగు లైన్లే అడిగారు. ముగ్గురికి గాయాలన్నది ఒకటి. ఎక్కడ, ఎప్పుడన్నది ఒకటి. ఆసుపత్రి ఒకటి. 'రసాయన పరీక్షల్లో సిబ్బంది నిర్లక్ష్యమే కారణమని యాజమాన్యం తెలిపింది' అన్నది నాలుగోది. 'యాజమాన్యం తెలిపింది' అని పెడితే మా వృత్తిలో చేతులు కడుక్కున్నట్టే. ఎనిమిది నెలల కింద నేను స్టూలు మీద కూర్చుని చూసినదానికి ఐదో లైను కావాలి. అడిగితే డెస్కు ఇచ్చేదేమో. అడగలేదు.

మా పత్రిక ఢిల్లీకి ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. మాస్టారింట్లో తెప్పించేవాళ్ళు. అది వచ్చిన సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చారు. పైకి ఎప్పుడూ రారు, మోకాళ్ళ నొప్పి. చేతిలో కత్తిరించిన చిన్న ముక్క.

"ఇది ఎవరు రాసేరో కనుక్కోగలరాండీ?"

ముక్క మీద 'న్యూఢిల్లీ, మా ప్రతినిధి' అని ఉంది. మా బ్యూరోలో రాసేది ఇద్దరమేనని ఆయనకి తెలుసు. ఆ రెండో ఆయన పార్లమెంటు వార్తలు తప్ప ముట్టుకోడనీ తెలుసు.

"కనుక్కుంటాను" అన్నాను.

"ఆయన చూసి రాసేరా, ఎవరైనా చెప్తే రాసేరా అని. అంతే. రామ్‌సజీవన్ అడిగేడండి ఆసుపత్రిలో, పేపర్లో ఏమని వేసేరని. నేను చెప్పలేదు." మంచినీళ్ళు కూడా తాగకుండా దిగిపోయారు.

విచారణ జరిగింది. మెమో బయటికి తీశారు. నీలం గొట్టం పట్టుకుని యార్డు దాటి వచ్చిన ఆ పూట గురించి ముగ్గురు సాక్ష్యం చెప్పారు. ముగ్గురూ నిజమే చెప్పారు. పాత రిజిస్టరు కనబడలేదు. మాస్టారు తన సొంత నోటుబుక్కును చూడమన్నారు కానీ, ఇంట్లో రాసుకున్నది చెల్లదన్నారట విచారణవాళ్ళు. మూడో గడిలో ఉన్న పేరుగలాయన వస్తారా అని మాత్రం ఒకరు అడిగారట. మాస్టారు 'ఆయన్ని నేను అడగలేదు' అన్నారట. నన్ను ఎప్పుడూ అడగలేదు. అడక్కుండానే వెళ్ళచ్చని నాకు తట్టలేదని అబద్ధం చెప్పను. తట్టింది.

ఉద్యోగం పోయాక ఇంటింటికీ నీళ్ళ ఫిల్టర్లు అమ్మే ఒక కంపెనీలో ఆయన్ని 'వాటర్ ఎక్స్‌పర్ట్' అని పెట్టుకున్నారు. కుళాయి నీళ్ళ గ్లాసులో రెండు కడ్డీలు ముంచి కరెంటు ఇస్తే నీళ్ళు బురదలా మారతాయి. ఆడవాళ్ళు హడిలిపోయి ఫిల్టరు కొంటారు. మాస్టారు మా సొసైటీలోనే ఒకావిడ ఇంట్లో, "బురద నీళ్ళది కాదు దీదీ, ఈ ఇనుప కడ్డీది" అని చెప్పేశారు. వారం తిరక్కుండా ఆ ఉద్యోగమూ పోయింది. ఆ తర్వాత ఇంక ఎక్కడికీ వెళ్ళలేదు. సొసైటీ పార్కులో బెంచీ మీద కూర్చునేవారు. వైశాలి దాకా మెట్రో వస్తుందని స్తంభాలు లేపుతున్నారు, ఆ దుమ్ము చూస్తూ కూర్చునేవారు. నేను ఆఫీసు కారెక్కేటప్పుడు చెయ్యెత్తేవారు. నేనూ ఎత్తేవాణ్ణి. కనుక్కున్నారా అని ఆయన మళ్ళీ అడగలేదు. అందువల్ల ఆ బెంచీ వైపు కాకుండా వెనక గేటు నించి వెళ్ళడం మొదలుపెట్టాను. పోయిన చలికాలం ఆయన పోయినప్పుడు నేను ఊళ్ళో లేను.

గీజర్ విప్పిన రోజు సాయంత్రం రెండంతస్తులు దిగి అక్కయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఫ్రిజ్‌లోంచి సీసా తీసి ఇచ్చింది. మూత తియ్యగానే చొక్కా తడిసింది.

ప్లంబర్ సంగతి చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి ఆ నోటుబుక్కు తెచ్చింది. "మీరు వచ్చినప్పుడు చూపిద్దామనే ఉంచేను తమ్ముడూ" అంది.

నా పేరున్న పేజీ తర్వాత నాలుగైదు పేజీలు నీలాలే. ఆ తర్వాత ఒక పేజీలో నాలుగు లైన్ల వార్తముక్క అంటించి ఉంది. దాని కింద స్కేలు పెట్టి గీసిన గడులు. తేదీ అన్న గడిలో తేదీ ఉంది. చూసి రాసినదా, విని రాసినదా అని ఒక గడి. రాసినవారు అని ఒక గడి. రెండూ ఖాళీ.

"ఇవెందుకు వదిలేసేరని నేనే అడిగేను ఓసారి. 'మేడమీద ఆయన చెప్తానన్నారు, వచ్చి చెప్తారులే' అన్నారు. చివర్లో కూడా ఆ బుక్కు తలదగ్గరే పెట్టుకున్నారు." ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఎవరో తెలిసిందా తమ్ముడూ?"

నా జేబులో పెన్నుంది. ముప్ఫై సెకన్లు పట్టే పని కూడా కాదు.

"కనుక్కుంటాను అక్కయ్యగారూ" అన్నాను.